లయన్ ఫిష్‌కి నీళ్లు బాగుంటే సరిపోదు, మేత కుదరాలి

భీమవరం, పాలకొల్లు, రాజోలు, అమలాపురం వైపు నీళ్ల గురించి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. పొద్దున్నే సీసాలో చెరువు నీళ్లు పట్టుకుని ల్యాబుకి వెళ్లి పీహెచ్, సెలినిటీ, అమ్మోనియా, కార్బొనేట్లు, బైకార్బొనేట్లు రాయించుకొచ్చేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. అలాంటి చోట కూడా ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టి లయన్ ఫిష్ లాంటి వేట చేపని తెచ్చుకున్నవాళ్లు చివరికి చెప్పే మాట ఒకటే: "రిపోర్టంతా బాగానే ఉందండి, చేప మాత్రం ఉండలేదు."

రిపోర్టు బాగుండటం నిజమే, చేప పోవడమూ నిజమే. ఎందుకంటే ఈ చేపలు ఎక్కువగా పోయేది మేత దగ్గర. తినక పోతాయి, తప్పు మేత తిని పోతాయి, మోతాదుకి మించి తిని పోతాయి, తిన్నది నీళ్లని చెడగొడితే ఆ నీళ్లవల్ల పోతాయి. ఈ నాలుగింటిలో ల్యాబు రిపోర్టులో కనిపించేది చివరిది ఒక్కటే, అదీ ఆలస్యంగా. అందుకే ముందు నోటి సంగతి మాట్లాడుకుని, తర్వాత నీళ్ల దగ్గరికి వెళ్దాం.

ఇక్కడ వేట చేపలంటే సొర చేపలు అనుకోకండి. ఇళ్లలో పెంచేవి ముఖ్యంగా మూడు రకాలు. ఒకటి లయన్ ఫిష్. ఇందులో పెద్ద రకం అడుగు దాటి పెరుగుతుంది, దానికి నాలుగైదు వందల లీటర్ల ట్యాంకు కావాలి. జీబ్రా, ఫజ్జీ అనే పొట్టి రకాలకి 200 లీటర్లు చాలు. రెండోది ఫ్రాగ్ ఫిష్, రాయిలా కూర్చుని తల మీదున్న చిన్న ఎరని ఊపుతూ చేపల్ని దగ్గరికి రప్పించుకుంటుంది. మూడోది లీఫ్ ఫిష్, ఎండుటాకులా అటూ ఇటూ ఊగుతుంది, కొన్నాళ్లకోసారి పైపొర విడుస్తుంది. మూడూ మెల్లగా కదిలే చేపలే. మూడింటికీ పక్కన గబగబా తినే చేప ఉంటే మిగిలేది ఆకలే. ట్రిగ్గర్, పఫర్ లాంటివైతే వీటి రెక్కలు కూడా కొరికేస్తాయి. ఫ్రాగ్ ఫిష్ సంగతి ఇంకా వేరు, దానితో ఏది వేసినా అది మేతే, కాబట్టి ఒంటరిగానే ఉంచాలి.

వీటిని సున్నితం అంటున్నామంటే ఒళ్లు బలహీనమని కాదు. వీటి మెదడు "ఇది తిండి" అని ఎలా గుర్తుపడుతుందో అక్కడుంది చిక్కు. లయన్ ఫిష్ వేటాడేటప్పుడు దగ్గరగా చూడండి. పక్క రెక్కలు విసనకర్రలా విప్పుకుని, ఎరని మూలకి నెట్టుకుంటూ, తొందర లేకుండా జరుగుతుంది. దగ్గరికి వచ్చాక నోటితో ఎర వైపు నీళ్లు ఊదుతుంది. ఆ ఊదుడుకి ఎర చేప తల తిప్పి ఎదురుగా నిలబడుతుంది, తల వైపు నుంచి మింగితే ముల్లు అడ్డం పడదు. ఆ తర్వాత జరిగేది కంటికి అందదు, ఎర ఉన్నచోట ఖాళీ కనిపిస్తుంది అంతే. ఫ్రాగ్ ఫిష్ అయితే ఇంకా వేగం, నోరు తెరిచి లోపలికి పీల్చుకోవడానికి సుమారు 6 మిల్లీసెకన్లు పడుతుంది. ఈ వేట మొత్తం కదలిక మీద నడుస్తుంది. ట్యాంకు అడుగున పడున్న ఫ్రోజెన్ రొయ్య ముక్క, అది ఎంత తాజాదైనా, దాని కంటికి రాయితో సమానం.

అందుకే కొత్తగా తెచ్చిన చేప వారం పది రోజులు ఏమీ తినకుండా ఒక మూల నిలబడి ఉంటుంది. ఇంట్లోవాళ్లకి టెన్షన్. అమ్మినవాళ్లని అడిగితే "అలవాటు పడుతుంది లెండి" అంటారు. అది పట్టినప్పటి నుంచి మీ ఇంటికి వచ్చేదాకా కనీసం రెండు మూడు చేతులు మారి ఉంటుంది, దారిలో ప్యాకింగ్‌లో నీళ్లు పాడవకుండా కావాలనే పస్తు పెడతారు. అంటే మీ దగ్గర మొదటి రోజు అనుకుంటున్నది దానికి పస్తులో ఎన్నో రోజో. పొట్ట లోపలికి పోయి, తల వెనక కండ దగ్గర గుంట పడిందంటే ఇక అలవాటు చేసే ఓపిక చూపించాల్సిన సమయం కాదు. ముందు ఏదో ఒకటి బతికున్నది తినిపించి ఒళ్లు నిలబెట్టాలి, చచ్చిన మేత అలవాటు చేయడం తర్వాత.

బతికున్న మేత విషయంలో మన డెల్టాకి ఉన్న వీలు చాలా ఊళ్లకి లేదు. ఉప్పాడ వైపు తీరం పొడవునా రొయ్య హేచరీలున్నాయి. ఆర్టీమియా అనే అతి సన్న ఉప్పునీటి జీవి గుడ్ల డబ్బాలు ఆక్వా షాపుల్లో దొరుకుతాయి. చెరువుల్లో వదలడానికి వచ్చే వెనామీ రొయ్య సీడ్, సెంటీమీటరు సైజులో చురుగ్గా ఈదే పిల్ల, పొట్టి లయన్ ఫిష్‌కీ లీఫ్ ఫిష్‌కీ సరిగ్గా కంటికి ఆనే మేత. రొయ్యల్లో వచ్చే వైట్ స్పాట్ వైరస్ చేపలకి సోకదు కాబట్టి ఆ భయం అక్కర్లేదు. కానీ సీడ్ ప్యాకెట్‌లోని నీళ్లు మాత్రం ట్యాంకులో పోయకండి, జబ్బు చేసే విబ్రియో బాక్టీరియా అందులో ఉండొచ్చు. వలలో వడకట్టి, శుభ్రమైన ఉప్పునీళ్లలో కడిగి వేయండి. ఆర్టీమియా పొదిగిస్తే, అప్పుడే పొదిగిన పిల్లలో దాని సొంత పచ్చసొన సారం ఉంటుంది, కొన్ని గంటల్లో అది తరిగిపోతుంది. తర్వాత పెట్టాలంటే డీహెచ్‌ఏ ఉన్న ఎన్‌రిచ్‌మెంట్ ద్రావణంలో ఉంచి దాని కడుపు నింపాకే పెట్టాలి, లేకపోతే పెట్టేది ఒట్టి తొక్కే. అయినా ఆర్టీమియా చిన్న నోళ్లకే, చేతి వేలంత లయన్ ఫిష్‌కి అది ఆనదు.

తప్పు మేత సంగతి ఇక్కడే మొదలవుతుంది. అందుబాటులో ఉన్నాయని గోల్డ్ ఫిష్ పిల్లలో, కాలువలో పట్టిన తిలాపియా పిల్లలో వేసేవాళ్లున్నారు. చేప ఆత్రంగా తింటుంది, చూసేవాళ్లకి ముచ్చటగా ఉంటుంది, కొన్ని నెలలు అంతా బాగానే సాగుతుంది. తర్వాత ఒకరోజు ఈత తడబడుతుంది, మేత వైపు వెళ్లి గురి తప్పుతుంది, ఏ జబ్బు మచ్చా లేకుండా పోతుంది. గోల్డ్ ఫిష్ ఒంట్లో థయమినేజ్ అనే ఎంజైమ్ ఉంది, అది బీ1 విటమిన్ని విరగ్గొడుతుంది. రోజూ అదే మేతైతే చేపకి బీ1 కరువై నరాలు దెబ్బతింటాయి. రెండో దెబ్బ కొవ్వులది. సముద్రపు చేపలకి ఈపీఏ, డీహెచ్‌ఏ అనే కొవ్వు ఆమ్లాలు మేతలోనే రావాలి, మంచినీటి చేపల్లో అవి తక్కువ, మిగతా కొవ్వు వేరే రకం, అది కాలేయంలో పేరుకుంటుంది. ఈ రెండూ ఏ నీటి పరీక్షలోనూ దొరకవు. బతికున్న చేపే పెట్టాలనుకుంటే మోలీలు మంచివి. రెండు మూడు రోజుల్లో మెల్లగా ఉప్పు పెంచుతూ వస్తే అవి పూర్తి సముద్రపు నీళ్లలో కూడా బతుకుతాయి, పిల్లలు కూడా పెడతాయి. వాటికి ముందురోజు మంచి సముద్రపు మేత తినిపించి అప్పుడు వేస్తే ఆ పోషకాలు వేట చేపకి చేరతాయి.

బతికున్న మేతతో ఆగిపోతే మాత్రం జీవితాంతం దానికి బందీ అయిపోతాం. మార్పించాలి. ఇందులో మనకి పండుగప్ప రైతులే గురువులు. పండుగప్ప కూడా వేట చేపే, పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది కాబట్టి సైజు వారీగా వేరుచేస్తూ ఉంటారు. పుట్టుకతో కదిలే మేత కోరే ఆ పిల్లనే హేచరీలో దశలవారీగా పెల్లెట్ మేతకి మళ్లిస్తున్నారు. అంటే ఆ అలవాటు మార్చలేనిదేం కాదు, క్రమం తప్పకుండా చేయాలంతే.

లయన్ ఫిష్‌తో ఆ పని ఇలా సాగుతుంది. కొన్నాళ్లు బతికున్న రొయ్య సీడ్ సాయంత్రం పూట, ట్యాంకు లైటు తగ్గించాక, ఒకే మూలలో ఒకే వేళకి వేయండి. చీకటి పడే వేళే దాని సహజమైన వేట వేళ. చేప ఆ వేళకి ఆ మూలకి తనంతట తాను రావడం మొదలెట్టాక, బతికున్నవాటితో పాటు అప్పుడే చంపిన రొయ్య ఒకటి నీటి పంపు వాలులో వదలండి, అది కొట్టుకుపోతూ ఉంటే బతికున్నట్టే కనిపిస్తుంది. తర్వాత సన్నని పారదర్శకమైన ప్లాస్టిక్ పుల్లకి గుచ్చి, చేప ముఖానికి ఎదురుగా కాకుండా కాస్త పక్కగా, ఆగి ఆగి కదపండి. ఇక్కడ చాలామంది ఓపిక కోల్పోతారు. చేప మొదటిసారి నోట్లోకి లాక్కుని వెంటనే ఉమ్మేస్తుంది, మళ్లీ లాగి మళ్లీ ఉమ్ముతుంది. అది వద్దనడం కాదు, రుచి చూడటం. ఆ ముక్క పుల్ల మీంచి జారి కిందపడితే తీసేయండి, కొత్తది గుచ్చండి, ఆరోజుకి తినకపోతే ఆపేసి మర్నాడు చూడండి. పొట్ట మాత్రం రోజూ గమనిస్తూ ఉండాలి, సన్నబడుతుంటే మళ్లీ బతికున్నది ఒకటి రెండు వేయాలి. లయన్ ఫిష్ చాలావరకు మారుతుంది. ఫ్రాగ్ ఫిష్ పుల్లకి బాగానే లొంగుతుంది. లీఫ్ ఫిష్ మాత్రం మొండిది, బతికున్న సన్న రొయ్య ఏడాది పొడవునా సరఫరా చేయగలమన్న నమ్మకం లేకపోతే దాని జోలికి వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

చచ్చిన మేతకి మారాక కూడా ఒకటే రకం పెట్టొద్దు. రొయ్య ఒకరోజు, సముద్రపు చేప కండ ఒకరోజు, చిన్న స్క్విడ్ ముక్క ఒకరోజు, వారానికోసారి విటమిన్ చుక్కలు వేసి నానబెట్టినది. మార్కెట్లో కొన్నది కడిగి, మందు, ఉప్పు తగలని చోట కోసి, చిన్న చిన్న పొట్లాలుగా ఫ్రీజర్లో పెట్టుకుంటే నెలకి సరిపోతుంది.

తినడం మొదలెట్టిన చేపకి అసలు గండం అప్పుడే. ఇది ఆకలి తీరితే ఆగే జాతి కాదు. సముద్రంలో మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు కాబట్టి దొరికినంతా మింగుతుంది. లయన్ ఫిష్ కడుపు దాని మామూలు సైజుకి 30 రెట్ల వరకు సాగుతుందని పరిశోధకులు చూశారు. ఫ్రాగ్ ఫిష్ తనంత చేపని కూడా మింగగలదు. మింగగలదు అంటే అరిగించుకోగలదని కాదు. పెద్ద ఎర కడుపులో అరిగేలోపే కుళ్లడం మొదలైతే గ్యాస్ పట్టి చేప తేలిపోతుంది, రెండ్రోజుల్లో పోతుంది. పెద్ద చేపకి వారానికి రెండు మూడు సార్లు, పిల్లకైతే రోజు విడిచి రోజు. ఎర దాని రెండు కళ్ల మధ్య దూరం కంటే పెద్దగా ఉండకూడదు. పిల్లలు "మళ్లీ అడుగుతోంది నాన్నా" అంటారు, అది ఎప్పుడూ అడుగుతూనే ఉంటుంది. చెరువులో మేత ఎంత వేయాలో చెక్ ట్రే ఎత్తి చూసి తేలుస్తారు, ఇక్కడ ట్రేలో మిగలడం అంటూ ఉండదు, పక్క నుంచి చూస్తే పొట్ట గీత కొంచెం ఉబ్బిందా లేదా అన్నదే కొలత.

ఇప్పుడు నీళ్లు. మాంసం తినే చేప వదిలేది ఎక్కువగా అమ్మోనియా, అదీ మొప్పల గుండా నేరుగా నీళ్లలోకి. బాగా తిన్న కొన్ని గంటలకి అది పెరుగుతుంది. ట్యాంకులో రాళ్ల మీద, ఫిల్టర్‌లో పెరిగిన బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ బాక్టీరియా సరిపడా పెరగడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది, ఈ చేపకైతే ఇంకో నెల ఎక్కువ ఆగడమే మేలు. ఎందుకంటే మామూలు చేపల ట్యాంకులో అమ్మోనియా రోజంతా కొంచెం కొంచెంగా వస్తుంది, ఇక్కడ వారానికి రెండు మూడు పెద్ద పోట్లుగా వస్తుంది. దానికి తోడు సముద్రపు నీటి పీహెచ్ 8.1 నుంచి 8.3. పీహెచ్ ఒక పాయింటు పెరిగితే విషమైన అమ్మోనియా వాటా దాదాపు పదింతలవుతుంది, కాబట్టి పీహెచ్ 7 ఉన్న మంచినీటి తొట్టిలో నడిచిపోయే అంకె ఇక్కడ చేపని చంపుతుంది. ప్రోటీన్ స్కిమ్మర్ తప్పనిసరి అనేది ఇందుకే, అది మలినాన్ని అమ్మోనియాగా మారకముందే నురగ రూపంలో బయటికి తీసేస్తుంది.

చెరువు తెలివి కొన్నిచోట్ల మనల్ని ముంచుతుంది. అమ్మోనియా పెరిగితే దాన్ని పీల్చుకుంటుందని చెరువులో జియోలైట్ పొడి చల్లుతారు కదా, పూర్తి సముద్రపు ఉప్పులో అది చాలావరకు పనిచేయదు, సోడియం దాని చోటుని ఆక్రమించేస్తుంది. చెరువుకి వాడే ప్రోబయాటిక్స్‌లో ఎక్కువ భాగం బాసిల్లస్ రకాలు, అవి అడుగున మలినాన్ని తింటాయి గానీ అమ్మోనియాని నైట్రేట్ చేసే పని వాటిది కాదు. నాచు పడితే మైలుతుత్తం అనే అలవాటు ఇక్కడ వద్దు, అందులోని రాగి ట్యాంకు రాళ్లలోకి ఇంకి ఉండిపోతుంది, ఇకపై ఆ ట్యాంకులో రొయ్య బతకదు, పొలుసు లేని ఫ్రాగ్ ఫిష్‌కీ అది పడదు.

అన్నిటికంటే పెద్ద మోసం ఉప్పు దగ్గర. వెనామీ అర పీపీటీ (వెయ్యి భాగాల నీళ్లలో ఎన్ని భాగాల ఉప్పు అనే లెక్క) నుంచి 45 పీపీటీ దాకా సర్దుకుంటుంది, దాన్ని చూసి చూసి మనకి ఉప్పు అంకె మీద పట్టింపు పోయింది. సముద్రపు చేపకి 35 పీపీటీ, అటూ ఇటూ ఒకటి. కల్లుప్పు కలిపి 35 తెప్పించినా అది సముద్రపు నీళ్లు కాదు, ఉప్పు మడిలో పేరుకునేది ఎక్కువ సోడియం క్లోరైడ్, మెగ్నీషియం చాలావరకు ఉప్పు తీశాక మిగిలే చేదు నీళ్లతో పోతుంది. అక్వేరియం కోసం తయారైన సముద్రపు ఉప్పుని ఆర్వో నీళ్లలో కలుపుకోవాలి. అంతర్వేది వెళ్లి క్యాన్లతో నీళ్లు తెచ్చుకుందామా అంటే, అక్కడ గోదావరి పాయ వశిష్ఠ కలుస్తుంది, యానాం వైపు గౌతమి. జులై నుంచి అక్టోబరు దాకా వరద నీరు కలిసి ఉప్పు పడిపోతుంది, ఒండ్రు వస్తుంది, ఎగువ పొలాల మందులూ వస్తాయి. బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయని అవి సముద్రం అయిపోవు. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ని డిస్టిల్డ్ వాటర్‌తో సున్నాకి పెట్టి ఊరుకోకుండా 35 పీపీటీ ద్రావణంతో సరిచూసుకోండి. ఆవిరై తగ్గిన నీళ్లకి ఉప్పునీళ్లు కాదు, ఆర్వో నీళ్లే పోయాలి. 200 లీటర్ల ట్యాంకులో రోజుకి 4 లీటర్లు ఆవిరైతే 35 కాస్తా 35.7 అవుతుంది, రెండ్రోజులు మరిచిపోతే తేడా ఒకటిన్నర దగ్గరికి పోతుంది.

వేడి మన పెద్ద శత్రువు. చేపకి 24 నుంచి 26 డిగ్రీలు హాయి. మే నెలలో ఏసీ లేని గదిలో ట్యాంకు 31, 32 దాటుతుంది. హైదరాబాద్ వాళ్లు నీటి మీద ఫ్యాను పెట్టి రెండు మూడు డిగ్రీలు తగ్గించుకుంటారు, మన ఉక్కపోతలో ఆవిరి సరిగ్గా లేవదు కాబట్టి ఫ్యాను అంత పనిచేయదు. చిల్లర్ కొనలేకపోతే ఏసీ గదిలోనే పెట్టండి, రెండూ కుదరకపోతే ఈ చేప వద్దు. ఆక్సిజన్ లెక్క కూడా ఉంది. 28 డిగ్రీల దగ్గర మంచినీళ్లలో లీటరుకి దాదాపు 7.8 మిల్లీగ్రాములు పడితే, సముద్రపు నీళ్లలో 6.4 మాత్రమే పడుతుంది. వేడి పెరిగే కొద్దీ అది తగ్గుతుంది, చేప అవసరం పెరుగుతుంది, కడుపునిండా తిన్న చేపకి ఇంకా పెరుగుతుంది.

ఇక్కడ మాత్రం చెరువు తెలివే కాపాడుతుంది. మబ్బు పడితే మేత కోసేస్తారు కదా, అదే చేయండి. తుపాను హెచ్చరిక వస్తే ఆ రోజు నుంచే మేత ఆపేయండి. ఒళ్లు బాగున్న పెద్ద లయన్ ఫిష్ వారం తినకపోయినా ఏమీ కాదు, కానీ పొట్టనిండా మేసి ఉండగా అర్ధరాత్రి కరెంటు పోతే తెల్లారేసరికి ఉండదు. బ్యాటరీ ఏరేటర్ ఒకటి ఛార్జి చేసి పక్కనే ఉంచుకోండి. మొదట పెట్టే డబ్బులు దానికే పెట్టమంటాను, లైట్లకి కాదు.

ఏ కొత్త చేపనైనా నెలరోజులు వేరే తొట్టిలో ఉంచాకే అసలు ట్యాంకులోకి వదలాలి. తెల్ల చుక్కల జబ్బు (రొయ్యల వైట్ స్పాట్ కాదు, చేప ఒంటి మీద బతికే ఓ పురుగు వల్ల వచ్చేది) కనిపిస్తే ఫ్రాగ్ ఫిష్ లాంటివాటికి రాగి మందు బదులు మూడేసి రోజులకోసారి శుభ్రమైన కొత్త తొట్టికి మార్చుతూ పోవడం మంచి దారి, ఆ పురుగు చేపని వదిలి అడుగున పొదిగి తిరిగి పైకి వచ్చేలోపు చేప అక్కడ ఉండదు. మార్చేటప్పుడు ఫ్రాగ్ ఫిష్‌ని గాల్లోకి ఎత్తొద్దు, గాలి మింగేస్తే అది బయటికి పోవడం కష్టం. నీళ్లతో సహా డబ్బాలో పట్టుకోండి.

సముద్రపు గుర్రం కూడా వేట చేపే కదా అని అడుగుతారు. అది 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉంది, పైప్ ఫిష్ కూడా అంతే. వలలో దొరికిందని ఎవరైనా తెచ్చిచ్చినా తీసుకోవద్దు. కోరింగ మడ అడవుల్లోంచి దేన్నీ పట్టి తేవద్దు. పెంచలేకపోయిన చేపని కాలువలోనో సముద్రంలోనో వదలడం కూడా వద్దు, దానితో పాటు ట్యాంకు జబ్బులు పోతాయి.

లయన్ ఫిష్ వీపు మీద 13, కింద 5, మొత్తం 18 విషపు ముళ్లు. ట్యాంకులో చెయ్యి పెట్టేముందు అది ఎక్కడుందో చూసుకోండి. గుచ్చుకుంటే చెయ్యి కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, సుమారు 45 డిగ్రీలు, అరగంట నుంచి గంటన్నర ఉంచితే నొప్పి చాలా తగ్గుతుంది, వేడికి ఆ విషపు ప్రోటీన్ చెడుతుంది. ఊపిరి ఆడకపోయినా, వాపు పైకి పాకినా ఆసుపత్రికే.

ఇంత చదివాక కూడా కొనాలనుంటే పొట్టి లయన్ ఫిష్‌తో మొదలెట్టండి. షాపులో అడ్వాన్సు ఇచ్చేముందు మీ కళ్లముందు దానికి చచ్చిన రొయ్య ముక్క పెట్టమనండి. తింటే సగం పని అయిపోయింది. "పొద్దున్నే తినేసిందండి" అంటే మర్నాడు సాయంత్రం మళ్లీ వెళ్లండి. అప్పుడూ తినకపోతే ఆ చేపని అక్కడే వదిలి రండి, ఎంత అందంగా ఉన్నా.